అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లొల్లి లేకుండా పెంచడం ఎట్లా

మీ అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ పెంచాలన్న ముచ్చట మొదలైందా? అయితే ఒక్క పని మాత్రం చేయకండి. ఎంత పెంచుతున్నారో రాసి లిఫ్ట్ పక్కన కాగితం అంటించకండి. మా దగ్గర మొదట జరిగింది అదే. పొద్దున ఎనిమిదింటికి "వచ్చే నెల నుంచి 2,300" అని పాత కమిటీ కాగితం పెట్టింది, సాయంత్రం నేను స్కూల్ నుంచి వచ్చేసరికి టేపు ముక్కలు మాత్రమే గోడకు మిగిలాయి. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో పన్నెండు గంటల దాకా లొల్లి. రోజూ మెట్ల మీద నవ్వుతూ పలకరించుకునేవాళ్లు నెల రోజులు మొహాలు తిప్పుకున్నారు.

మాది హనుమకొండ, నయీంనగర్ వైపు. కింద పార్కింగ్, పైన 5 అంతస్తులు, అంతస్తుకు 4 చొప్పున 20 ఫ్లాట్లు. ఆ గొడవ తర్వాత పాత కమిటీ దిగిపోయింది, క్యాషియర్ పని నా మీద పడింది. రెండేళ్లు చేశాను. చివరికి మెయింటెనెన్స్ పెరిగింది, 20 ఫ్లాట్లకు 18 ఫ్లాట్లు చేతులెత్తి ఒప్పుకున్నాయి. ఆ రెండేళ్లలో మాకు ఏది పనికొచ్చిందో, ఏది బెడిసికొట్టిందో రాస్తున్నాను. మీది కాజీపేట అయినా, కరీంనగర్ అయినా, మంచిర్యాల అయినా, 10 నుంచి 50 ఫ్లాట్లున్న బిల్డింగ్ అయితే చాలావరకు ఇదే పద్ధతి నడుస్తుంది.

ముందే ఒక మాట చెప్తాను. ఆ రాత్రి గ్రూపులో వచ్చిన మెసేజ్‌లన్నీ తర్వాత తీరిగ్గా కూర్చుని మళ్లీ చదివాను. "ఇంత ఎందుకు పెంచుతున్నారు" అన్నవి మూడో నాలుగో ఉన్నాయి. మిగిలినవన్నీ "ఇన్నాళ్లు ఇచ్చిన పైసలు ఏమైనయ్" అనే. జనం పెంపు మీద కొట్లాడుతున్నారని కమిటీ అనుకుంటుంది, వాళ్లేమో పాత లెక్క అడుగుతున్నారు. ఆ లెక్క చేతిలో పెట్టేదాకా కొత్త అంకె ఎంత చెప్పినా అది ఎక్కువగానే కనిపిస్తుంది.

12 నెలల లెక్క

కాబట్టి మొదటి పని గడిచిన 12 నెలల ఖర్చు ఒక్క పేజీలో రాయడం. 6 నెలలు సరిపోవు, ఎందుకంటే మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా బోరు తగ్గి ట్యాంకర్లు తెప్పించుకుంటాం, వానాకాలంలో డ్రైనేజీ నిండుతుంది, ఏడాది మొత్తం చూస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది. బిల్లులు వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. జనరేటర్‌కు డీజిల్ పోయించిన బంకు రసీదులు, హార్డ్‌వేర్ షాపు రసీదులు నున్నటి థర్మల్ కాగితం మీద ఉంటాయి, ఏడాది తిరిగేసరికి అక్షరాలు మాసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. నాకు దొరికిన కవర్‌లో అలాంటివి 11 ఉన్నాయి. వాటిని చూపిస్తే ఎవరు నమ్ముతారు? అందుకే ఇప్పటి నుంచే రసీదు చేతికి రాగానే ఫోన్‌తో ఫోటో తీసి, నెల పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. దొరకని బిల్లులకు "బిల్లు లేదు" అని పేజీలోనే రాయండి. దాస్తే అదే పట్టుకుంటారు.

మా పేజీలో నెల సగటు ఇలా వచ్చింది. వాచ్‌మన్‌కు 13,500, లిఫ్ట్ సర్వీస్ కాంట్రాక్టుకు 3,500, కామన్ మీటర్ కరెంట్ 7,000, మెట్లు, పార్కింగ్ ఊడ్చి తుడిచే ఆమెకు 2,000, జనరేటర్ డీజిల్, సర్వీసింగ్ కలిపి 2,200, బల్బులు, ఫినాయిల్, చిల్లర ఖర్చు 1,300. ఏడాదికోసారో రెండుసార్లో వచ్చేవాటిని 12తో భాగించాం: ట్యాంకర్లు 24,000 అంటే నెలకు 2,000, మోటార్ రిపేర్లు 20,400 అంటే నెలకు 1,700, డ్రైనేజీ క్లీనింగ్ 12,000 అంటే నెలకు 1,000. మొత్తం 34,200.

వసూలు ఎంత? ఫ్లాట్‌కు 1,500 చొప్పున 20 ఫ్లాట్లకు 30,000 రావాలి. మూడు ఫ్లాట్లు ఇవ్వట్లేదు కాబట్టి వచ్చేది 25,500. నెలనెలా 8,700 లోటు. మరి ఇన్నాళ్లు బిల్డింగ్ ఎలా నడిచింది? బిల్డర్ అప్పగించిన కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం పక్కన పెట్టే నిధి) లోంచి తీసి పూడుస్తూ వచ్చారు. ఒక్క రూపాయి కూడా ఎవరూ తినలేదు, నేను ప్రతి ఎంట్రీ చూశాను. కానీ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల నిజాయితీగా పనిచేసిన పాత ప్రెసిడెంట్ గారు మాట పడాల్సి వచ్చింది, ఆ పెద్దమనిషిని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఈ పేజీ తయారయ్యాక మీటింగ్‌లో బయటపెట్టే ముందు, మీ బిల్డింగ్‌లో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసే మనిషికి ఇవ్వండి. ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరు ఉంటారు. మా దగ్గర సింగరేణిలో పనిచేసి రిటైరై వచ్చిన అంకుల్ ఒకాయన ఉన్నారు. వాళ్ల డైనింగ్ టేబుల్ మీద పేజీ పెట్టాను, కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వరుస కింద వేలు జరుపుకుంటూ పావుగంట చదివారు. కరెంట్ దగ్గర వేలు ఆగింది. "బిడ్డా, గీ కామన్ మీటర్ గింతెందుకచ్చింది? మోటార్ రోజుకు ఎన్ని గంటలు నడుస్తది?" నాకు తెలియదు. ఆయన లేచి చెప్పులేసుకుని కిందికి నడిచారు, నేను వెనకాల. మీటర్ల గూడు దగ్గర నిలబడి చూస్తే, పార్కింగ్‌లో ప్లగ్గు పాయింట్‌కు రెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు పెట్టి ఉన్నాయి. కామన్ మీటర్ మీద! వాళ్లు దొంగతనంగా పెట్టలేదు, ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు, అంతే. తర్వాత ఆ పాయింట్‌కు సబ్ మీటర్ బిగించాం, యూనిట్ల లెక్కన వాళ్లే కడుతున్నారు. మోటార్ కూడా ట్యాంక్ నిండాక ఆపేవాళ్లు లేక పొంగి పోతోంది, దానికి నీటి మట్టం చూసి ఆగిపోయే ఆటోమేటిక్ స్విచ్ పెట్టించాం. ఇదంతా అంకుల్ పుణ్యమే. మీటింగ్‌లో ఆయనే లేచి "లెక్క నేను చూసిన, సాఫ్‌గ ఉన్నది" అన్నారు. నేను గంట సేపు చెప్పినా దానికి అంత విలువ వచ్చేది కాదు.

బకాయిలు మొదలు, పెంపు తర్వాత

మూడు ఫ్లాట్లు బకాయి ఉన్నాయన్నాను కదా. 14 నెలలు, 9 నెలలు, 5 నెలలు. మొత్తం 28 నెలలకు 42,000. వీళ్ల దగ్గర వసూలు చేయకుండా సక్రమంగా కట్టేవాళ్లను ఇంకా కట్టమంటే కోపం రాదా? వస్తుంది, వాళ్లది న్యాయమైన కోపం. కానీ బకాయిదారుల పేర్లు గ్రూపులో పెట్టకండి. పేరు పెట్టిన రోజు నుంచి అది పైసల గొడవ కాదు, పరువు గొడవ అవుతుంది, ఇక పైసా రాదు.

ఇంటికి వెళ్లి కూర్చుని అడగండి. మేం వెళ్తే మూడిళ్లల్లో మూడు కథలు. 14 నెలల ఆయనకు పై ఫ్లాట్ బాత్‌రూమ్ నుంచి తడి దిగి బెడ్‌రూమ్ స్లాబ్ పెచ్చులూడుతోంది, రెండుసార్లు చెప్పినా కమిటీ పట్టించుకోలేదని కోపంతో ఆపేశారు. ప్లంబర్‌ను తీసుకెళ్లి లీకేజీ ఆపించాక రెండు విడతల్లో మొత్తం కట్టారు. రెండో ఇంట్లో కిరాయికి ఉన్నవాళ్లు ఓనర్ కడుతున్నాడనుకున్నారు, హైదరాబాద్‌లో ఉన్న ఓనర్ కిరాయిదార్లు కడుతున్నారనుకున్నాడు. ఒక్క ఫోన్‌కాల్‌తో తేలిపోయింది. మూడో ఇంట్లో పెద్దాయనకు గుండె ఆపరేషన్ అయ్యింది. ఆ ఇంటి వదినె కళ్లనీళ్లు పెట్టుకుని "మీరొస్తరని రోజూ భయపడుతున్న" అంది. నెలకు 500 కలిపి కట్టమని చెప్పి వచ్చేశాం. ఆ సంగతి కమిటీ దాటి బయటికి పోలేదు.

నీళ్లు బంద్ చేస్తాం, కరెంట్ కట్ చేస్తాం అని బెదిరించే కమిటీలు ఉన్నాయి. ఆ పని అస్సలు చేయకండి. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు, పైగా కేసు మీ మీదికే తిరుగుతుంది. బైలాలో (సంఘం నియమావళిలో) ఆలస్య రుసుము రాసుకోండి, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, అప్పటికీ వినకపోతే సివిల్ కోర్టు ఉంది. మాకు అంత దూరం పోవాల్సిన అవసరం రాలేదు.

నెల ఖర్చు వేరు, పెద్ద రిపేర్లు వేరు

2023 జులై చివర్లో వరంగల్‌లో పడిన వానలు మనందరికీ గుర్తే. నాలా పొంగి మా పార్కింగ్‌లోకి మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. సంప్‌లోకి మురుగు దిగింది, మోటార్ స్టార్టర్ బోర్డు కాలిపోయింది, లిఫ్ట్ గుంతలో నీళ్లు నిలిచాయి. కార్పస్ చూస్తే అడుగంటింది. అప్పటికప్పుడు ఫ్లాట్‌కు 4,000 అడగాల్సి వచ్చింది. నెలకు 500 పెంచితే గొణుక్కునే మనిషి, ఒక్కసారే 4,000 అంటే తలుపు వేసుకుంటాడు. నాలుగు రోజులు 20 కుటుంబాలు ట్యాంకర్ నీళ్లు బకెట్లతో మెట్ల మీదుగా మోసుకున్నాం. ఐదో అంతస్తు దాకా.

అందుకే పెంపును రెండు ముక్కలు చేసి చెప్పండి. ఒకటి నెలనెలా అయ్యే ఖర్చు: 34,200 భాగించు 20, ఫ్లాట్‌కు 1,710. రెండోది ఎప్పుడో వచ్చి మీద పడే పెద్ద ఖర్చు. వచ్చే 6 ఏళ్లలో ఏమేం వస్తాయో రాసుకున్నాం. బయటి గోడలకు పెయింటింగ్ 5,00,000, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ 1,80,000, లిఫ్ట్ తాళ్లు, పెద్ద పార్టులు 1,12,000. మొత్తం 7,92,000. 72 నెలలతో భాగిస్తే నెలకు 11,000, ఫ్లాట్‌కు 550. పెయింటర్ దగ్గర, లిఫ్ట్ కంపెనీ దగ్గర కొటేషన్లు రాయించుకుని ఆ కాగితాలే చూపించాం, మా నోటి మాట మీద ఎవరినీ నమ్మమనలేదు.

ఈ రెండో ముక్క వేరే బ్యాంక్ అకౌంట్‌లో ఉండాలి. ఒకే అకౌంట్‌లో ఉంటే నెల లోటు దాన్ని మెల్లగా తినేస్తుంది, మా పాత కార్పస్ అట్లనే పోయింది. ఇద్దరి సంతకాలు ఉంటే తప్ప డబ్బు తీయకుండా బ్యాంకులో రాయించండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది. సభ్యుల చందాకు వర్తించే మినహాయింపు బ్యాంకు వడ్డీకి వర్తించదని 2013లోనే సుప్రీంకోర్టు ఒక క్లబ్బు కేసులో తేల్చింది. ఏడాదికోసారి ఆడిటర్‌కు చూపిస్తే ఆయనే సరిచేస్తాడు.

జీఎస్టీ పడుతుందేమోనని మీటింగ్‌లో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. మెయింటెనెన్స్ ఒక్కో సభ్యుడికి నెలకు 7,500 దాకా ఉంటే జీఎస్టీ లేదు. 2018 జనవరికి ముందు ఆ పరిమితి 5,000 ఉండేది. మన చిన్న బిల్డింగ్‌లకు ఆ భయం అవసరం లేదు.

పెంచే ముందు ఎక్కడ తగ్గించవచ్చు

మెట్లు, కారిడార్లలో పాత ట్యూబ్‌లైట్లు తీసేసి ఎల్ఈడీలు, మనిషి కదిలితే వెలిగే సెన్సర్లు పెట్టండి. టెర్రస్ ఖాళీగా ఉంటే సోలార్ గురించి ఆలోచించండి. పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ సంఘాలకు కామన్ అవసరాల కోసం కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఇస్తున్నారు. నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంట్ లైన్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకోవడం) కోసం అడగాల్సింది మన కరెంట్ సంస్థ ఎన్పీడీసీఎల్ ఆఫీసులోనే.

లిఫ్ట్ కాంట్రాక్టు కాగితం ఒకసారి చదవండి. రెండు రకాలుంటాయి. ఒక దాంట్లో మెకానిక్ వచ్చి నూనె వేసి చూసి పోతాడు, పార్టు పోతే డబ్బు మీదే. ఇంకో దాంట్లో పార్టులు కూడా కలిసి ఉంటాయి, కొంచెం ఖరీదెక్కువ. మేం మూడేళ్లుగా మొదటి రకం కట్టి, రెండో రకం ఉందనుకున్నాం. పార్టు పోయిన రోజు తెలిసింది.

బిల్డింగ్ కొత్తదైతే ఇంకో సంగతి. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టరైన ప్రాజెక్టు అయితే, ఫ్లాట్ అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లలోపు స్లాబ్ లీకేజీ, గోడల పగుళ్లు లాంటి నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డరే తన ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలి. 2016 చట్టంలో 14వ సెక్షన్ అది. మీరు మెయింటెనెన్స్ పెంచి బిల్డర్ పని చేయించుకుంటున్నారేమో చూసుకోండి. ఫోటోలు, తేదీలతో రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ పంపండి.

వాచ్‌మన్ జీతం మాత్రం తగ్గించకండి. "గంత జీతం అవసరమా, కెమెరాలు పెడితే అయిపాయె" అని ఒకాయన అన్నాడు. మా వాచ్‌మన్‌ది ములుగు దిక్కు. పొద్దున ఐదింటికి మోటార్ వేస్తాడు, రాత్రి పదకొండుకు గేటు తాళం వేస్తాడు, మధ్యలో ఎవరి గ్యాస్ సిలిండర్ వచ్చినా, ఎవరి పిల్లాడు స్కూల్ బస్సు దిగినా చూసేది ఆయనే. వరద వచ్చిన రాత్రి నడుము లోతు నీళ్లు ఉన్న సంప్ గదిలోకి మెయిన్ ఆపడానికి మొదట పోయింది కూడా ఆయనే. కోతులు టెర్రస్ మీద ట్యాంక్ మూతలు తీసి పడేస్తే రోజూ ఎక్కి పెట్టేదెవరు? కెమెరా పెట్టదు. 13,500 ఎక్కువేమీ కాదు.

అందరికీ సమానమా, చదరపు అడుగుల లెక్కా

అసలు పెద్ద లొల్లి ఇక్కడే. మా దగ్గర డబుల్ బెడ్‌రూమ్‌లు 10, ఒక్కోటి 1,050 ఎస్ఎఫ్‌టీ. ట్రిపుల్ బెడ్‌రూమ్‌లు 10, ఒక్కోటి 1,450. చిన్న ఫ్లాట్ వాళ్లు ఎస్ఎఫ్‌టీ లెక్క అన్నారు, పెద్ద ఫ్లాట్ వాళ్లు సమానం అన్నారు. ఎవరి వాదన వాళ్లకు న్యాయంగానే ఉంది. పెద్ద ఫ్లాట్‌కు బయటి గోడ ఎక్కువ, పెయింట్ ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ వాచ్‌మన్ గేటు తీసేటప్పుడు ఫ్లాట్ సైజు చూసి తీయడు కదా, అదీ నిజమే.

ఇక్కడ మాటలు ఆపి అంకెలు రాయండి. నెల ఖర్చు 34,200, పెద్ద రిపేర్ల 11,000 కలిపి మొత్తం 45,200ను సమానంగా పంచితే అందరికీ 2,260. పూర్తిగా ఎస్ఎఫ్‌టీ లెక్కన అయితే చిన్నవాటికి దాదాపు 1,900, పెద్దవాటికి 2,620. మేం మధ్యలో కలిశాం. నెల ఖర్చు సమానం, అందరికీ 1,710. పెద్ద రిపేర్ల 11,000 మాత్రం ఎస్ఎఫ్‌టీ లెక్కన, చిన్నవాటికి 462, పెద్దవాటికి 638. రెండూ కలిపి రౌండ్ చేస్తే చిన్నవాటికి 2,175, పెద్దవాటికి 2,350. రెండు పక్షాలకూ పూర్తి సంతోషం లేదు, కానీ ఎవరూ అన్యాయం జరిగిందని అనలేకపోయారు. మీ బైలాలో ఇప్పటికే ఏదైనా పద్ధతి రాసి ఉంటే మాత్రం ముందు దాన్ని మార్చుకునే తీర్మానం చేయాలి, లేకపోతే ఎవరైనా ఒక్కరు అడ్డం తిరిగినా నిలబడదు.

మొదటి అంతస్తు వాళ్లు లిఫ్ట్ ఎక్కం, ఎందుకు కట్టాలి అంటారు. లిఫ్ట్ కాంట్రాక్టు 3,500, ఒక్కో ఫ్లాట్ వాటా 175. అంటే ఈ కొట్లాట నెలకు 175 రూపాయల మీద. తాళం వేసి ఉన్న ఫ్లాట్ల ఓనర్లు (పిల్లలు అమెరికాలో, వీళ్లు ఏడాదిలో ఆరు నెలలు అక్కడే) మేం నీళ్లు వాడం అంటారు. ట్యాంకర్ల వాటా నెలకు 100. సరే, ఆ 100 తగ్గిద్దాం, మరి మీ తాళం కాసేది ఎవరు అని అడిగితే వాళ్లే వద్దన్నారు. లెక్క రాయకముందు ఇవన్నీ కొండలంత గొడవలు. రాశాక ఎంత చిన్నవో అందరికీ కనిపించింది. నాకు ఈ రెండేళ్లలో అన్నిటికంటే పనికొచ్చిన ఉపాయం ఇదొక్కటే: ఎవరేం వాదించినా, ఆ వాదన నెలకు ఎన్ని రూపాయలో బోర్డు మీద రాయండి.

కిరాయి ఫ్లాట్ల విషయంలో నెల ఖర్చు కిరాయిదార్లు, పెద్ద రిపేర్ల ముక్క ఓనర్లు కట్టాలని మేం సలహా ఇచ్చాం. వాళ్లలో వాళ్లు ఎట్లా సర్దుకున్నా, సంఘానికి బాధ్యుడు మాత్రం ఓనరే.

మీటింగ్

ఎప్పుడు పెట్టాలో ఆలోచించి పెట్టండి. జూన్‌లో స్కూల్ ఫీజులు కట్టి అందరి చేతులు ఖాళీగా ఉంటాయి. బతుకమ్మ, దసరా రోజుల్లో ఊళ్లకు పోతారు. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంలో సగం బిల్డింగ్ ఖాళీ. మేం జనవరిలో, సంక్రాంతి అయ్యాక వచ్చిన రెండో ఆదివారం పొద్దున 10 గంటలకు పెట్టాం. కొత్త మొత్తం ఏప్రిల్ నుంచి. మధ్యలో రెండు నెలలు ఉంటే ఇంటి బడ్జెట్ సర్దుకోవచ్చు.

ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో, ఎంతమంది హాజరైతే మీటింగ్ చెల్లుతుందో మీ బైలాలో ఉంటుంది. మన దగ్గర చాలా సంఘాలు 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటాయి, రిజిస్ట్రేషన్ అప్పుడు ఇచ్చిన బైలా కాపీ పాత ప్రెసిడెంట్ బీరువాలో దొరుకుతుంది. నోటీసు ప్రతి ఇంటికీ చేత్తో ఇచ్చి సంతకం తీసుకోండి, లెక్క పేజీ, కొటేషన్ల కాపీలు దాంతోపాటే జత చేయండి. ఊళ్లో లేనివాళ్లకు వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో పంపండి. మీటింగ్‌లో మొదటిసారి చూసే అంకె ఒక్కటి కూడా ఉండకూడదు.

పార్కింగ్‌లో టెంట్‌హౌస్ కుర్చీలు గుండ్రంగా వేయించాం. కమిటీ వాళ్లు ఒక వైపు టేబుల్ వెనకాల, జనం ఎదురుగా కూర్చుంటే కోర్టు లాగా ఉంటుంది. ఛాయ్ ముందే తెప్పించండి, చివర్లో కాదు. ఆడవాళ్లను ప్రత్యేకంగా పిలవండి. మా దగ్గర ఇదివరకు ఇంటికో మగమనిషి మాత్రమే వచ్చేవాడు, నీళ్లు ఎప్పుడు ఆగుతాయో, మెట్లు ఎన్ని రోజులకోసారి తుడుస్తారో తెలిసిన మనిషి ఇంట్లో ఉండిపోయేది. ఆ రోజు నాలుగో అంతస్తు అక్క ఒకామె "బకెట్లు మోసింది నేను, ఐదు వందలు ఎక్కువైతే ఏమైతది" అని ఒక్క మాట అనేసరికి చాలామంది తలలు దించుకున్నారు.

ఒక్కొక్కరికీ మాట్లాడే అవకాశం ఇవ్వండి, వాళ్లు చెప్పింది రాసుకోండి, రాసుకుంటున్నట్టు కనిపించాలి కూడా. గొంతు పెంచినవాళ్లకు గొంతు పెంచి జవాబు చెప్పకండి. తెలియనిది అడిగితే "తెల్వదు సార్, బుధవారం లోపల కనుక్కుని చెప్తా" అనండి, బుధవారం చెప్పండి. ఓటు ఫ్లాట్‌కు ఒకటి. కిరాయిదార్లకు ఓటు ఉండదు, కానీ కూర్చోనివ్వండి, మాట్లాడనివ్వండి, నెలనెలా కట్టే చేతులు వాళ్లవి.

తర్వాతి నెలలు

తీర్మానం అదే రోజు మినిట్స్ పుస్తకంలో రాసి వచ్చినవాళ్లందరి సంతకాలు తీసుకోండి. ఒప్పుకోని ఇద్దరి అభ్యంతరం కూడా వాళ్ల మాటల్లోనే రాశాం, వాళ్లూ సంతకం పెట్టారు. ఏటా ఏప్రిల్‌లో లెక్క చూసి అవసరమైతే కొద్దిగా సవరించాలని కూడా అదే తీర్మానంలో చేర్చాం. 5 ఏళ్లు కదలకుండా ఉండి ఒక్కసారే 700, 800 పెంచితే ఎవరికైనా టెన్షనే.

చేతికి డబ్బు తీసుకోవడం మానేశాం. సంఘం అకౌంట్ క్యూఆర్ కోడ్ ఒకటి నోటీసు బోర్డు మీద పెట్టాం, ఫ్లాట్ నంబర్ రాసి ఫోన్‌పే చేస్తారు. పెద్దవాళ్లు ఎవరైనా నోట్లే ఇస్తామంటే రసీదు రాసిచ్చి మర్నాడే బ్యాంకులో వేస్తాను. ప్రతి నెలా 5వ తారీఖున పోయిన నెల వసూలు, ఖర్చు, రెండు అకౌంట్లలో మిగిలింది ఒక్క కాగితం మీద రాసి లిఫ్ట్ పక్కన అంటిస్తాం.

ఏప్రిల్ 3వ తారీఖు పొద్దున మొదటి ఫోన్‌పే మెసేజ్ వచ్చింది, 2,350. మీటింగ్‌లో వద్దని రాయించిన ఇద్దరిలో ఒకరిది. కింద నోట్‌లో "304, ఏప్రిల్, సంప్ మూత మార్పించండి" అని ఉంది. ఆ వారమే మార్పించాం.